లెక్కలా, ఫిజిక్సా? గోదావరిఖనిలో జవాబు ల్యాబ్ తలుపు దగ్గరే ఆగిపోతోంది

"అన్నా, లెక్కలు తీసుకుంటె సాయంత్రం పది మంది పిల్లలకు చెప్పుకొని బతుకుత. ఫిజిక్స్ తీసుకుంటె నన్నెవరు పిలుస్తరు?"

గోదావరిఖనిలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న ఒక చెల్లె మమ్మల్ని అడిగిన మాట ఇది. వాళ్ళ నాయిన సింగరేణిలో కాంట్రాక్టు కార్మికుడు. బీఎస్సీలో ఆమెది గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల గ్రూపు. సీపీగెట్ రాసి ఎమ్మెస్సీలో చేరాలి. లెక్కల్లో చేరాలా, ఫిజిక్స్‌లో చేరాలా అన్నది తేల్చుకోలేక మా దగ్గరికొచ్చింది. దరఖాస్తుల కాలంలో మా దగ్గరికి ఇలా పిల్లలు వస్తూనే ఉంటారు. ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారు. పెద్ద నగరాల్లో ఇదే ప్రశ్నకు కెరీర్ కౌన్సెలర్లు చెప్పే జవాబు ఒకటుంది: నీకు ఏది ఇష్టమో అది తీసుకో. ఆ చెల్లెకు ఏది ఇష్టమో మేము అడిగాం. ఫిజిక్స్ అని వెంటనే చెప్పింది. ఇష్టం తెలియక ఆమె మా దగ్గరికి రాలేదు. ఆ ఇష్టానికయ్యే ఖర్చు తెలుసు గనుక వచ్చింది.

ఖర్చు అంటే ఏమిటో ముందు చూద్దాం. 2025 దసరాకు సింగరేణి లాభాల్లో 34 శాతం, అంటే రూ. 819 కోట్లు, కార్మికుల వాటాగా ప్రకటించారు. పర్మినెంటు కార్మికుడికి సగటున దాదాపు రూ. 1.95 లక్షలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి ఇచ్చింది రూ. 5,500. ఒకే బొగ్గు, ఒకే దుమ్ము, వాటాలో తేడా 35 రెట్లు. కాంట్రాక్టు కార్మికులకు ఆ మాత్రం ఇవ్వడం కూడా 2024లోనే మొదలైంది, అప్పుడు రూ. 5,000. తొంభయ్యో దశకం మొదట్లో లక్షకు పైగా పర్మినెంటు కార్మికులున్న కంపెనీ ఇప్పుడు నలభై వేల చిల్లర దగ్గరుంది. బాయి పనిలో తట్ట మోసిన తరం మాల, మాదిగ కుటుంబాల్లో కొందరికి క్వార్టర్ దొరికింది, దాంతోపాటు కంపెనీ బడి, ఆసుపత్రి కూడా. వాళ్ళ మనవలు ఇప్పుడు బీటెక్‌లో కనబడతారు. ఓపెన్‌కాస్టులు పెరిగి, పని కాంట్రాక్టర్ల చేతికి పోయిన తర్వాత వచ్చినవాళ్ళకు ఆ మెట్టు దొరకలేదు. మన కులాల్లోపల కూడా ఈ గీత ఉంది. దాన్ని దాచిపెట్టుకుని సైన్సు చదువుల గురించి మాట్లాడటం కుదరదు.

ఇంట్లో డబ్బు లేనప్పుడు లెక్కలు చౌక చదువు. నోటుపుస్తకం, పెన్ను, పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఆల్జీబ్రా పుస్తకం ఉంటే నడుస్తుంది. పైగా చదువుతుండగానే రాబడి కూడా ఉంటుంది. ఆరో తరగతి నుంచి పది దాకా ప్రతి పిల్లవాడికీ లెక్కల ట్యూషన్ కావాలి. ఫిజిక్స్ ట్యూషన్ అడిగేవాళ్ళు ఇంటర్ దాకా కనబడరు, అప్పుడు కూడా వాళ్ళు పోయేది ఎంసెట్ కోచింగ్ సెంటర్లకే. ట్యూషన్ కూడా అందరికీ ఒకే తీరుగా ఉండదనుకోండి. ఆ చెల్లె ఇంటి చిరునామా తెలిశాక పిల్లలను పంపడం మానేసిన తల్లిదండ్రులున్నారు. వాడ పేరు వింటే చాలు, సర్టిఫికెట్‌తో పనిలేదు.

ఉద్యోగాల సంగతికొస్తే, మన పిల్లల కళ్ళముందుండేది డీఎస్సీ. 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో స్కూల్ అసిస్టెంట్లు 2,629. గణితానికి ఒక సబ్జెక్టు, ఒక పోస్టు. ఫిజిక్స్‌కు అలా కాదు. ఫిజికల్ సైన్స్ పేరుతో భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఒకే టీచరు చెప్పాలి. డిగ్రీలో రసాయన శాస్త్రం వదిలి కంప్యూటర్స్ పట్టుకున్న పిల్లలకు ఈ దారి ఇరుకవుతుందని డిగ్రీలో చేరే రోజున దోస్త్ వెబ్‌సైటు దగ్గర ఎవరూ చెప్పరు. తెలిసేసరికి మూడేళ్ళు గడిచిపోతాయి.

అయితే మేము చెప్పదలుచుకున్న అసలు సంగతి డబ్బు ఒక్కటే కాదు. ఆ చెల్లె ప్రాక్టికల్ రికార్డు తెరిచి చూశాం. చక్కటి చేతిరాత, స్కేలు పెట్టి గీసిన పటాలు, ప్రతి ప్రయోగం కింద ఎర్ర సిరాతో సంతకం. ఇందులో నీ చేతితో చేసినవెన్ని అని అడిగాం. నాలుగు అంది. మిగతావి పోయినేటి సీనియర్ రికార్డులోని రీడింగులు. న్యూటన్ వలయాల ప్రయోగానికి కావాల్సిన సోడియం దీపం వెలగదు. స్పెక్ట్రోమీటరు ఒకటే ఉంది, దాని స్క్రూ బిగుసుకుపోయింది. పరీక్ష రోజున దాన్ని ముందు పెట్టి, చేసినట్టు మార్కులు వేసి పంపించారు. ఆ కాలేజీ పేరు రాయడం లేదు, రాయాలంటే చాలా పేర్లు రాయాలి. ఇంటర్‌లో ఇంకా అన్యాయం. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఫిజిక్స్ అంటే నాలుగు ఆప్షన్లలో ఒకటి గుర్తించడం. స్క్రూగేజీని బొమ్మలో తప్ప చూడని పిల్లవాడు కూడా స్క్రూగేజీ లెక్కలో పూర్తి మార్కులు తెచ్చుకుంటాడు.

దీని ఫలితం పీజీలో తెలుస్తుంది. ప్రవేశ పరీక్ష బహుళైచ్ఛిక ప్రశ్నలతో దాటొచ్చు. మొదటి సెమిస్టర్‌లో ల్యాబ్‌లోకి అడుగుపెట్టినప్పుడు నగరం నుంచి, మంచి కాలేజీ నుంచి వచ్చిన పిల్లవాడు సీఆర్‌వో మీటలు చకచకా తిప్పుతుంటే, మన పిల్ల గోడవారన నిలబడుతుంది. "వీళ్ళకు బేసిక్స్ లేవు" అనే మాట అక్కడ పుడుతుంది. రిజర్వేషన్ సీటు అనే గుసగుస దాని వెంటే వస్తుంది. పిల్లలో తెలివి లోపించిందన్నట్టు చెప్పుకుంటారు, మూడేళ్ళు వెలగని సోడియం దీపం ఊసు ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. లెక్కల్లో ఈ అవమానం లేదని మేము అనం, రియల్ ఎనాలిసిస్ తరగతిలో ఇంగ్లిష్ అర్థంకాక ఏడ్చిన వాళ్ళు మాకు తెలుసు. కానీ అక్కడ రాత్రి గదికొచ్చి పుస్తకంతో పోరాడే వీలుంది. ల్యాబ్‌కు రాత్రి తాళం వేస్తారు.

అందుకే మన పిల్లలు లెక్కలవైపు పోవడాన్ని కేవలం అభిరుచి అనుకోవద్దని మా వాదన. ఇష్టపడి పోయేవాళ్ళకు మా చప్పట్లు. ఫిజిక్స్ నుంచి తోసేస్తే లెక్కల్లో పడ్డవాళ్ళ సంగతే మేము మాట్లాడుతున్నాం.

చరిత్రలో ఈ రెంటి మధ్య దాటిన ఒక మనిషిని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. మేఘనాద్ సాహా 1893లో ఢాకా దగ్గర ఒక పల్లెలో, చిన్న కిరాణా కొట్టు ఇంట్లో పుట్టాడు. దళితుడని అనలేం గానీ బెంగాల్‌లో కింది కులంగా చూసిన సామాజిక వర్గం ఆయనది. కలకత్తా హిందూ హాస్టల్‌లో తోటి విద్యార్థులు ఆయనతో కలిసి భోంచేయడానికి ఒప్పుకోలేదు. బెంగాల్ విభజన రోజుల్లో గవర్నర్ రాకను బహిష్కరించినందుకు బడి నుంచి తీసేస్తే, ఉన్న స్కాలర్‌షిప్ కూడా పోయింది. ఆయన చదివింది ఫిజిక్స్ కాదు, గణితం. 1915లో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో ఎమ్మెస్సీ, సత్యేంద్రనాథ్ బోస్ మొదటి స్థానం, సాహా రెండో స్థానం. 1916లో కలకత్తా విశ్వవిద్యాలయ సైన్స్ కాలేజీలో ఇద్దరూ గణిత విభాగంలోనే లెక్చరర్లుగా చేరారు. విభాగాధిపతి గణేశ్ ప్రసాద్‌తో పొసగలేదు. పక్కన కొత్తగా పెట్టిన ఫిజిక్స్ విభాగానికి మారారు. చెప్పాల్సిన ఫిజిక్స్‌ను చెబుతూనే నేర్చుకున్నారు. నాలుగేళ్ళకు, 1920లో, నక్షత్రాల వర్ణపటం చూసి వాటి ఉష్ణోగ్రత అంచనా కట్టే సాహా సమీకరణం వచ్చింది. సింగరేణి కాలరీస్ అనే పేరుతో మన కంపెనీ రిజిస్టరైంది కూడా అదే ఏడాది డిసెంబరులో.

ఈ కథను "ప్రతిభ ఉంటే ఏ గోడైనా దాటొచ్చు" అని చెప్పేవాళ్ళుంటారు. మాకు అందులో కనిపించేది వేరు. సాహా దాటగలిగింది పక్కన తెరిచి ఉన్న మరో విభాగం ఉంది గనుక, అందులో ఖాళీలున్నాయి గనుక.

ఇప్పుడు ఆ తలుపుల సంగతి చూడండి. 2019లో పార్లమెంటు కేంద్ర విద్యాసంస్థల ఉపాధ్యాయ కేడర్ రిజర్వేషన్ చట్టం చేసింది. విభాగాన్ని కాకుండా మొత్తం సంస్థను యూనిట్‌గా తీసుకోవాలన్నది అందులో మంచి భాగం, దానికోసం ఉద్యమాలు జరిగాయి. కానీ చట్టం చివర ఒక షెడ్యూల్ ఉంది. అందులోని సంస్థలకు ఈ చట్టం వర్తించదు. ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ అందులో ఉంది, దాని క్యాంపస్ ఒకటి మన హైదరాబాద్ గోపన్‌పల్లిలో నడుస్తోంది. చెన్నై గణిత శాస్త్రాల సంస్థ ఉంది. అలహాబాద్ హరీశ్‌చంద్ర రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, భువనేశ్వర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్, అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ ఉన్నాయి. సాహా పేరు పెట్టిన కోల్‌కతా సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్ కూడా ఆ జాబితాలోనే ఉంది. హాస్టల్‌లో తనతో కలిసి తినడానికి ఇష్టపడని సమాజంతో జీవితమంతా పోరాడిన మనిషి పేరు మోసే సంస్థ అది. దేశంలో లెక్కలకు, ఫిజిక్స్‌కు శిఖరాలనుకునే చోట్లలో చాలావాటికి ఉపాధ్యాయ రిజర్వేషన్ చట్టం మినహాయింపు ఇచ్చింది. లెక్కలు తీసుకోవాలా, ఫిజిక్స్ తీసుకోవాలా అన్న చెల్లె ప్రశ్నకు ఢిల్లీ ఇచ్చిన జవాబు, పైదాకా పోతే రెండూ ఒకటేనని.

ఫిజిక్స్‌లో చేరిన తర్వాత ఏం జరుగుతుందో మాట్లాడటానికి మనకు హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. రోహిత్ వేముల పేరు అందరికీ తెలుసు. అతనికన్నా ఎనిమిదేళ్ళ ముందు, 2008 ఫిబ్రవరిలో, అదే క్యాంపస్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేస్తున్న సెంథిల్ కుమార్‌ను పోగొట్టుకున్నాం. తమిళనాడు సేలం ప్రాంతపు దళిత విద్యార్థి. గైడ్‌ను కేటాయించలేదు, ఫెలోషిప్ ఆగింది. ఆ తర్వాత విశ్వవిద్యాలయం వేసిన ప్రొఫెసర్ వినోద్ పావరాల కమిటీ, ఆ విభాగంలో నిబంధనలు నిలకడగా, స్పష్టంగా లేవని, అవి తమకు వ్యతిరేకంగా పనిచేస్తున్నాయని రిజర్వేషన్ విద్యార్థులు భావిస్తున్నారని చెప్పింది. ఈ సంగతి పిల్లలను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ తర్వాత పరిశోధనకు పోయేవాళ్ళు చేరేముందు అడగాల్సిన ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. గైడ్‌ను ఎన్ని నెలల్లో కేటాయిస్తారు? ఏ లెక్కన? కోర్సు వర్క్‌లో తప్పితే రెండో అవకాశం ఉందా? ఫెలోషిప్ దేని మీద ఆధారపడి ఉంటుంది? వీటికి జవాబులు కాగితం మీద అడిగి తీసుకోండి.

ఇంతా చెప్పి, హాయిగా లెక్కలు తీసుకొమ్మని ఆ చెల్లెకు చెప్పొచ్చు కదా అని మాలోనే ఒకరన్నారు. ఆ మాట మీద మేము చాలాసేపు వాదులాడుకున్నాం. బతుకుదెరువు ముందు, సైన్సు తర్వాత అన్నది న్యాయమైన మాటే. కానీ ఈ ఊరిని చూడండి. ఎన్టీపీసీ 2,600 మెగావాట్ల థర్మల్ కేంద్రం, రిజర్వాయరు నీటి మీద తేలే 100 మెగావాట్ల సోలార్ కేంద్రం, ఎరువుల ఫ్యాక్టరీ, చుట్టూ ఓపెన్‌కాస్టులు. ఊరంతా ఫిజిక్సే. ఆ ఫిజిక్స్‌ను చదవగలిగినవాళ్ళు కంపెనీ వైపు ఉన్నారు. అది మీద పడేవాళ్ళు మనవైపు ఉన్నారు.

ఒక్క ఉదాహరణ. ఓపెన్‌కాస్టులో బాంబు పేల్చిన ప్రతిసారీ పక్క ఊళ్ళలో గోడలు అదురుతాయి, పగుళ్ళిస్తాయి. జనం పోయి అడిగితే అధికారులు ఒక కాగితం చూపిస్తారు: ప్రకంపనలు పరిమితిలోనే ఉన్నాయి. ఆ పరిమితి ఎక్కడ రాసి ఉంది? గనుల భద్రత డైరెక్టరేట్ 1997లో ఇచ్చిన సర్క్యులర్‌లో. నేల కణం ఎంత వేగంతో ఊగిందన్నది సెకనుకు మిల్లీమీటర్లలో కొలుస్తారు. కంపెనీది కాని మామూలు ఇళ్ళకు, ప్రకంపన పౌనఃపున్యం 8 హెర్ట్జ్ కన్నా తక్కువైతే పరిమితి 5. 8 నుంచి 25 మధ్యలో 10. ఆపైన 15. కంపెనీ సొంత ఇళ్ళకైతే ఇంకా ఎక్కువ ఊపు అనుమతిస్తారు, మొదటి మెట్టులో 10. అంటే కాగితంలో "7 మిల్లీమీటర్లు" అని ఒక్క అంకె ఉంటే సరిపోదు. పౌనఃపున్యం ఎంతన్నది పక్కన లేకపోతే ఆ 7 పరిమితి లోపలో, బయటో చెప్పలేం. 6 హెర్ట్జ్ దగ్గర అది ఉల్లంఘన. 12 హెర్ట్జ్ దగ్గర కాదు. యంత్రాన్ని ఎక్కడ పెట్టారు, పేలుడుకు ఎంత దూరంలో, గట్టి రాయి మీదనా, వదులు మట్టి మీదనా, ఇవన్నీ అడగాలి. గ్రామసభలో ఇన్ని ప్రశ్నలు అడగడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. బీఎస్సీ ఫిజిక్స్ శ్రద్ధగా చదివి, ఒక్కసారైనా తన చేతితో కంపనాలను కొలిచిన మనిషి ఉంటే చాలు. మన వాడల్లో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

చిత్రమేమంటే ఊపులోంచి పౌనఃపున్యాలను విడదీసే పద్ధతి లెక్కల వాళ్ళ సిలబస్‌లో ఉంది. ఫోరియర్ శ్రేణులని నేర్పుతారు. ఫ్రాన్స్‌లో ఒక దర్జీ కొడుకు, చిన్నప్పుడే తల్లిదండ్రులను పోగొట్టుకున్న ఫోరియర్, వేడి ఒక వస్తువులో ఎలా పాకుతుందన్న ఫిజిక్స్ ప్రశ్నను పట్టుకుని ఈ లెక్కను తీశాడు. మన తరగతి గదుల్లో వేడి లేదు, ప్రకంపన లేదు, సైన్లు కొసైన్లు మాత్రం మిగిలాయి. లెక్కలు తీసుకున్న పిల్లలకు కూడా నష్టం జరుగుతోందంటే అది ఇక్కడే.

ఇక ఈ ఏడాది నింపాల్సిన కాగితాల సంగతి. డిగ్రీలో చేరబోయేవాళ్ళు గణితం, ఫిజిక్స్ రెండూ ఉన్న గ్రూపు తీసుకుంటే మూడేళ్ళపాటు రెండు దారులూ తెరిచి ఉంటాయి. డిగ్రీలో ఫిజిక్స్ లేకపోతే ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఆశ వదులుకోవాల్సిందే. సీపీగెట్‌లో రెండు సబ్జెక్టులకూ దరఖాస్తు చేయొచ్చు, రెండోదానికి అదనపు ఫీజు కట్టాలి. ఐఐటీల జామ్ పరీక్షలో ఇటీవల గణితం ఒక పూట, ఫిజిక్స్ మరో పూట పెడుతున్నారు గనుక ఒకే ఏడాది రెండూ రాయొచ్చు. టైమ్‌టేబుల్ చూసుకోండి. ఎస్సీలకు ఫీజు తగ్గింపు ఉంటుంది.

వర్గీకరణ చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చాక సీట్ల లెక్క మారింది. 15 శాతంలో మొదటి గ్రూపుకు 1, రెండో గ్రూపుకు 9, మూడో గ్రూపుకు 5. వర్గీకరణ న్యాయమైనదని మా అభిప్రాయం, దానిమీద మళ్ళీ చర్చ పెట్టడం లేదు. కానీ పీజీ విభాగాలు చిన్నవి. 40 సీట్ల ఫిజిక్స్ విభాగంలో 15 శాతం అంటే 6 సీట్లు. అందులో 9 శాతం 3.6, 5 శాతం 2, 1 శాతం 0.4. అత్యంత వెనుకబడిన 15 కులాల పిల్లకు వచ్చేది సున్నా పాయింట్ నాలుగు సీటు. ఆ దశాంశాన్ని ఏ రోస్టర్ ప్రకారం, ఏ విభాగంలో పూర్తి సీటు చేస్తారో ప్రతి విశ్వవిద్యాలయం నుంచీ విద్యార్థి సంఘాలు రాతపూర్వకంగా తీసుకోవాలి. లెక్కల సీట్లకూ అంతే, ఫిజిక్స్ సీట్లకూ అంతే.

స్కాలర్‌షిప్ గురించి ఒక పాత సంగతి. 1942 అక్టోబరులో డాక్టర్ అంబేద్కర్ వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డ్ కులాల ఇబ్బందుల మీద ఒక వినతిపత్రం ఇచ్చారు. ఆర్ట్స్, లా చదువులతో మన వాళ్ళకు పెద్దగా ఒరిగేది లేదని, సైన్స్, టెక్నాలజీలో ఉన్నత చదువులకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని అందులో వాదించారు. ఆ చదువులు ఖరీదైనవి గనుక మన వాళ్ళు సొంతంగా చదువుకోలేరన్నది ఆయన తర్కం. పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్‌ల పుట్టుక అక్కడ ఉంది. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో, లేబర్ మెంబర్‌గా, ఆయన ఝరియా బొగ్గు గనిలోకి స్వయంగా దిగారు. ఎనభై ఏళ్ళ తర్వాత, 2025 నవంబరులో, ఫీజు బకాయిల కోసం తెలంగాణ ప్రైవేటు కాలేజీలు మూతపడ్డాయి. కాలేజీలకూ ప్రభుత్వానికీ మధ్య గొడవ కొన్ని రోజుల్లో సర్దుకుంది. సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఇరుక్కున్న పిల్లలకు మాత్రం సర్దుకోలేదు. బకాయి పడినప్పుడు కాలేజీలు మొదట కోసేది దేన్ని? గెస్ట్ లెక్చరర్ జీతాన్ని, ల్యాబ్ సామాన్లను. సోడియం దీపం వెలగకపోవడానికి హైదరాబాద్ సెక్రటేరియట్ దాకా పోయే వైరు ఒకటుంది.

మూడు డిమాండ్లు మా దృష్టిలో అన్నిటికన్నా ముందున్నాయి. డిగ్రీ కాలేజీల ప్రాక్టికల్స్ తనిఖీ రికార్డు పుస్తకాలు చూసి కాకుండా పరికరాలు ఆన్ చేసి చేయాలి. ఊళ్ళో ఇన్ని ప్రభుత్వ రంగ కేంద్రాలున్నాయి గనుక వాటి సామాజిక బాధ్యత నిధులతో గోదావరిఖనిలో అన్ని కాలేజీల పిల్లలకూ ఆదివారం కూడా తెరిచి ఉండే ఒక ఉమ్మడి ఫిజిక్స్ ల్యాబ్ పెట్టాలి. 2019 చట్టం షెడ్యూల్‌ను ఎత్తేయాలని మన ఎంపీలను పేరు పెట్టి అడగాలి. మొదటి రెంటికీ చట్ట సవరణ కూడా అక్కర్లేదు.

ఆ చెల్లె రెండు దరఖాస్తులూ పెట్టింది. రెండో సబ్జెక్టు ఫీజు ట్యూషన్ డబ్బుల్లోంచి కట్టింది. ఫిజిక్స్ సీటు వస్తే హాస్టల్‌కు పోవాలి, అప్పుడు ఇక్కడి పది మంది పిల్లలను ఎవరికి అప్పజెప్పాలన్నది ఆమె ఇంకా తేల్చుకోలేదు. మా దగ్గర కూర్చున్నంతసేపూ గడియారం చూస్తూనే ఉంది. ఆరున్నరకు ఏడో తరగతి పిల్లలు వస్తారు, భిన్నాలు మొదలుపెట్టాలంటూ లేచింది.